అడవిసీమ స్త్రీల కష్టము - దాని లెక్క

(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఒక గ్రామమున ఒక గ్రంథాలయము ఇరువదియైదేండ్లు మూతపడక నిలిచియుండుట సామాన్య విషయము కాదు. పుస్తకములు కొనుట సులభము. ప్రతి సాయంకాలము తలుపు తెరచి, దీపము వెలిగించి, వచ్చినవారికి పుస్తకము చేతికిచ్చుట కష్టము. ఆ కష్టమును ఇన్నేండ్లు వహించిన వారికి ముందుగా నా అభినందనములు.

"ఆర్థికాభివృద్ధిలో స్త్రీల పాత్ర" అను విషయమును గూర్చి ప్రసంగింపుమని పెద్దలు నన్ను కోరినారు. విషయము మిక్కిలి పెద్దది. దీనిని గూర్చి ప్రపంచమున గొప్ప గ్రంథములు వెలువడినవి. ఆఫ్రికా దేశముల అనుభవములు ఎన్నో మనకు పాఠములుగా నున్నవి. వానిలో రెండు మూడింటిని తరువాత ప్రస్తావింతును. ముందు మాత్రము గోదావరికి ఈవలనున్న ఖమ్మము మెట్టసీమకును, ఆవలనున్న భద్రాచలపు అడవికిని నడుమ మన యూళ్లలో స్త్రీ ఏమి పని చేయుచున్నది, ఆమె పనికి వచ్చిన సొమ్ము ఎవరి పేర వ్రాయబడుచున్నది అను రెండు ప్రశ్నలను మాత్రమే అడుగదలచినాను.

భద్రాద్రి కథ మీ రెరుగనిది కాదు. పోకల దమ్మక్క అను అడవి స్త్రీకి స్వామి కనబడెననియు, ఆమె తాటాకు పందిరి వేసి తాటిపండు నివేదించెననియు స్థలపురాణము చెప్పుచున్నది. ఆ పిమ్మట పాల్వంచ పరగణా తహశీలుదారైన కంచెర్ల గోపన్న గుడి కట్టించెను. సర్కారు సొమ్ము వెచ్చించినందులకు గోలకొండ చెరసాల పాలయ్యెను. ఇది భక్తికథ, భక్తులు దమ్మక్క పేరును నేటికిని మరువలేదు. అయినను లెక్కలు చూచువాని కంటికి ఇందొక విశేషము కనబడును. గోపన్న చేసిన వ్యయము దివాణపు లెక్కలకెక్కెను. దాని వలన ఆయనకు శిక్షయు కలిగెను, కీర్తియు కలిగెను. దమ్మక్క తెచ్చిన తాటాకులు, తాటిపండు ఏ లెక్కకును ఎక్కలేదు. అడవిలో ఏరి తెచ్చినదానికి వెల కట్టనక్కరలేదని మనము ఆనాటి నుండియు అనుకొనుచున్నట్లున్నది.

అడవి పని యనగానే చెట్లు నరకుట, వెదురు కొట్టుట, బండి తోలుట మనకు తోచును. ఇవి కూలి లెక్క కట్టబడు పనులు. ఏరి తెచ్చు పని మన కంటికానదు. ఇప్పపువ్వునే చూడుడు. ఫాల్గుణ చైత్రములలో ఇప్పచెట్టు ఆకు రాల్చి పువ్వు తొడుగును. ఆ పువ్వు తెల్లవారుజాము మొదలు ప్రొద్దెక్కు వరకు రాలుచుండును. ఎండ ముదరక మునుపే ఏరవలెను. ఆలస్యమైనచో పశువులు తినును, దుప్పులు తినును, ఎలుగుబంటియు రావచ్చును. కావున స్త్రీ కోడికూతతో లేచి, పాలు త్రాగు బిడ్డ యున్నచో కొంగున కట్టుకొని, బుట్ట పట్టుకొని చెట్టు క్రిందికి పోవును. నడుము వంచి పువ్వు పువ్వును చేతితో ఏరవలసినదే. ఇంటికి తెచ్చి వాకిట ఆరబోయవలెను. మబ్బు పట్టినచో ఎత్తవలెను, ఎండ వచ్చినచో మరల పరువవలెను. బుట్టలకొలది తెచ్చిన పచ్చిపువ్వు ఎండునప్పటికి బరువు చాలవరకు పోవును. సంతలో తూచునది ఆ మిగిలినదానినే.

ఇప్పపువ్వు అనగానే సారాయి మాత్రమే జ్ఞప్తికి వచ్చు పట్టణవాసులు కలరు. వారికి చెప్పవలసిన మాట ఒకటి యున్నది. ధాన్యము నిండుకొన్న దినములలో ఈ పువ్వే అడవి ఇండ్లకు అన్నము. ఉడుకబెట్టి తిందురు, వేయించి దంచి ఉండలు కట్టుదురు. పువ్వు కాలము గడచి కాయ పండిన తరువాత ఇప్పపలుకుల పని వచ్చును. పండు గుజ్జు తీసి, గింజ పగులగొట్టి, పలుకును ఎండబెట్టి నూనె తీయుదురు. ఆ నూనె దీపమునకును, వంటకును, నొప్పులకును పనికివచ్చును. చెట్టు ఒకటియే, దాని చుట్టును స్త్రీకి నాలుగు నెలల పని.

తునికాకు పని కొలది వారములదే కాని అది అన్నిటికంటె నిర్దయమైనది. ముందుగా పొదలను కొట్టియుంచినచో వేసవి ఎండలకు లేత ఆకు వచ్చును. కట్టకు 50 ఆకులు. వేయి కట్టలకు ఒక ప్రమాణపు సంచి. ఈ లెక్కను కొంచెము నిదానించి చూడవలెను. ఒక స్త్రీ ఒకనాడు నూరు కట్టలు కట్టెనన్నచో, ఆమె అయిదువేల ఆకులను ఒక్కొక్కటిగా త్రుంచి, చిల్లు పడినదానిని, ముదిరినదానిని ఏరి పారవేసి, తొడిమలు ఒకవైపునకు వచ్చునట్లు పేర్చి, నారతో బిగించినదన్నమాట. ప్రొద్దుట అడవిలో త్రుంచుట, పగలు వాకిట కట్టుట, సాయంకాలము కల్లమునకు మోయుట. కల్లమువద్ద కల్లేదారు కట్టలు లెక్కించి కార్డుపై వ్రాయును. ఆ కార్డు పెక్కిండ్లలో ఇంటి యజమాని పేర నుండును. ఆకు త్రుంచిన వ్రేళ్లు నల్లబడిన మనిషి ఒకరు, కార్డుపై పేరున్న మనిషి వేరొకరు.

చింతపండు కొట్టి గింజ తీయుట, కుంకుళ్లు, కరక్కాయలు, ముష్టిగింజలు ఏరుట, చీపుళ్లు కట్టుట, వానకాలమున పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు తెచ్చుట - ఇవి చెప్పుకొనుచు పోయినచో తెల్లవారును. అడవి దిగి మైదానమునకు వచ్చినచో వరినాట్లు, పత్తి తీత, మిరపకోత. ఖమ్మము మిరప విపణికి పోవు ఎఱ్ఱని బస్తాల వెనుక ఉన్నది ముఖ్యముగా స్త్రీల చేయియే. మిరపకోత కాలమున సరిహద్దు దాటి చత్తీసుగఢు నుండి ఆడువారు పిల్లాపాపలతో గుంపులుగా మన చేలకు వచ్చుచుండుటను మీరందరు చూచుచున్నారు.

ఇన్ని పనులు చేయు స్త్రీని గూర్చి జనాభా లెక్కలవాడు వచ్చి అడిగినప్పుడు, గడపలో కూర్చున్న పెద్దాయన ఏమని చెప్పును? "ఏమియు లేదండీ, ఇంటిపని" అనును. ఏడాదిలో ఆరు నెలలకు తక్కువ పనిచేసిన వారిని ప్రధాన కార్మికులుగా వ్రాయరాదని ఆ లెక్కల నియమము. పువ్వు నెలరోజులు, ఆకు మూడు వారములు, కోత రెండు నెలలు. ఇట్లు తునకలు తునకలుగా నున్న పనిని కూడి ఆరు నెలలు దాటినదో లేదో చెప్పగలవారెవరు? ఆమెను అడుగరు, ఆయనకు తెలియదు.

ఇక సంతలోని కాటావద్దకు పోవుదము. నా ఉపన్యాసమున ముఖ్యమైన సంగతి ఇచ్చటనే యున్నది. కాటావరకు ఉన్న పని యంతయు స్త్రీదే. ఏరుట ఆమెది, ఎండబెట్టుట ఆమెది, మోయుట ఆమెది. కాటా దాటిన తరువాత ఆమె పేరు వినబడదు. ధర నిర్ణయించువారు, తూచువారు, చిట్టా వ్రాయువారు, సంఘములకు అధ్యక్షులు, లారీ యజమానులు అందరును పురుషులు. వెనుకటి కాలమున మైదానపు వర్తకుడు ఉప్పుబస్తా తెచ్చి చింతపండును, ఇప్పపలుకులను కొలుచుకొని పోవుచుండెడివాడు. ఉప్పు కొలుచు కుంచము చిన్నది, పలుకులు కొలుచు కుంచము పెద్దది యని ముసలివారు నేటికిని నవ్వుచు చెప్పుదురు. ఆ నవ్వు వెనుక ఎంత నష్టమున్నదో ఎవరు లెక్కింపగలరు?

ఆ దోపిడిని ఆపుటకు ప్రభుత్వము కొన్ని ఏర్పాట్లు చేసినమాట నిజము. నేడు గిరిజన సహకార సంస్థయని పిలువబడు సంస్థ 1956లో విశాఖపట్టణము కేంద్రముగా ఏర్పడినది. షెడ్యూల్డు ప్రాంతములలో వడ్డీవ్యాపారులను అదుపు చేయుటకు 1960లో రెగ్యులేషన్ వచ్చెను. తునికాకు వర్తకము 1971 చట్టము ననుసరించి ప్రభుత్వాధీనమయ్యెను. తక్కిన ఫలసాయమును షెడ్యూల్డు ప్రాంతములలో కొనుగోలు చేయు అధికారమును 1979 రెగ్యులేషన్ సహకార సంస్థకు ఇచ్చెను. 2014లో రాష్ట్రము వేరైన పిమ్మట తెలంగాణమునకు వేరు సంస్థ ఏర్పడినది. 2013-14 నుండి కేంద్ర ప్రభుత్వము కొన్ని అటవీ ఫలసాయములకు కనీస మద్దతు ధర యను పద్ధతిని ప్రవేశపెట్టెను. ఇవన్నియు మేలైనవే. కాని ధర ప్రకటించుట వేరు, ఆ ధర అమ్ముకొను మనిషికి తెలియుట వేరు. నోటీసు డిపో గోడకు అంటింపబడును; బుట్ట దించిన స్త్రీకి దానిని చదువుట రాదు; చదువు వచ్చినవాడు ఆమెకు చదివి చెప్పడు.

తపసిజిగురు సంగతి చూచిన ఇది మరింత స్పష్టమగును. తెల్లగా, బెరడు ముక్క లేక శుభ్రముగా నున్న జిగురు మొదటి తరగతి. ఎఱ్ఱబారి, మట్టి అంటుకొన్నది కడపటి తరగతి. రెండింటి వెలలకును చాల వ్యత్యాసము కలదు. చెట్టుకు గాటు పెట్టు పద్ధతియు, జిగురు పట్టు పద్ధతియు, ఇంట బెరడు ఏరి తరగతులుగా విడదీయు పద్ధతియు నేర్పినచోట్ల అదే చెట్టు ఎక్కువ సొమ్ము నిచ్చినది. ఇంట కూర్చుండి ఓపికగా బెరడు ఏరువారు ఎవరో నేను చెప్పనక్కరలేదు. తరగతి తెలియని యింట మంచి జిగురు, చెడు జిగురు ఒకే సంచిలో పడి, చెడ్డదాని వెలకే పోవును.

ఇచ్చట చిన్న మాట. మన సీమకు ఎల్లలు మారినన్ని మార్లు మరే సీమకైన మారెనో లేదో! గోదావరికి ఈవల నిజాము పాలన, ఆవల మద్రాసు పాలన చాలకాలము నడిచినవి. భద్రాచలము తాలూకా 1874లో మధ్యపరగణాల నుండి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. ఖమ్మము 1953లో జిల్లా అయ్యెను. 1959లో భద్రాచలము వచ్చి ఖమ్మములో కలిసెను. 2014లో చింతూరు, కూనవరము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయెను, భద్రాచలము పట్టణము ఈవలనే నిలిచెను. 2016లో కొత్తగూడెము కేంద్రముగా భద్రాద్రి జిల్లా వెలసెను. ఎల్ల మారినప్పుడెల్ల కచేరీలు మారినవి, దరఖాస్తు పెట్టుకొనవలసిన ఊరు మారినది. బుట్ట నెత్తిన పెట్టుకొని సంతకు పోవు స్త్రీకి ఏ కచేరీ తనదో తెలియు లోపల మరియొక ఎల్ల వచ్చుచున్నది.

భూమి మాటకు వత్తును. ఎస్టర్ బోసరప్ అను డెన్మార్కు దేశపు ఆర్థికశాస్త్రవేత్త్రి 1957 మొదలు 1960 వరకు మన దేశమున నివసించెను. ఆమె 1970లో ఆర్థికాభివృద్ధిలో స్త్రీల పాత్రను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆఫ్రికాలో చేతిపారతో, పోడు పద్ధతిలో వ్యవసాయము సాగినచోట్ల సేద్యమున హెచ్చుభాగము స్త్రీలదే యనియు, తెల్లదొరల ప్రభుత్వములు వచ్చి క్రొత్త పద్ధతులను, క్రొత్త పైరులను పురుషులకే నేర్పినందున స్త్రీ తన పొలముననే వెనుకబడిపోయెననియు ఆమె చూపెను. ఈ మాట చదివినప్పుడు నాకు ఆఫ్రికా కాక మన పోడుచేలు కనబడినవి. పోడులో గుంత త్రవ్వి గింజ వేయుట, కలుపు తీయుట, పిట్టలను తోలుట, వెన్ను కోయుట ఇద్దరి పని. పెక్కుచోట్ల ఆమె పనియే అధికము. నాగలి వచ్చెను, ఎరువుబస్తా వచ్చెను, బ్యాంకు అప్పు వచ్చెను, పట్టా పుస్తకము వచ్చెను. ఇవి వచ్చినకొలది చేను ఆయనది అయ్యెను.

గిరిజనుల భూమి గిరిజనేతరుల పాలు కాకుండ 1959 రెగ్యులేషను, దానిని సవరించిన 1970 రెగ్యులేషను కాపలా కాయుచున్నవి. 'వన్ ఆఫ్ సెవెంటీ' అనిన మన సీమలో పసిబిడ్డకును తెలియును. అది ఇంటి బయటి కాపలా. ఇంటి లోపల స్త్రీ హక్కు మాటేమి? ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి కుమార్తెకు ఉమ్మడి ఆస్తిలో సమభాగము కలిగెను, 2005లో దేశమంతటికిని ఆ మార్పు వచ్చెను. కాని 1956 హిందూ వారసత్వ చట్టము, కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటించిననే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. కావున మైదానపు ఆడపడుచునకు దొరకిన హక్కు కోయ ఆడపడుచునకు దొరకలేదు. ఆమెకు కులాచారమే చట్టము. 2025 జూలై 17న సుప్రీముకోర్టు, చత్తీసుగఢునకు చెందిన ఒక గోండు కుటుంబపు దావాలో, స్త్రీకి వాటా లేదను ఆచారము రుజువు కానప్పుడు ఆమె వారసులకు సమభాగము ఇవ్వవలసినదే యని తీర్పు చెప్పెను. గోండులు మన కోయలకు దగ్గరి చుట్టములు. ఈ తీర్పు మన గూడెములలో ఎందరి చెవిని పడినదో!

2006 నాటి అటవీహక్కుల చట్టము ఇంతకంటె ముందడుగు వేసినది. అడవిలో సేద్యము చేసికొనుచున్న కుటుంబమునకు ఇచ్చు హక్కుపత్రము, దంపతులున్నచో ఇద్దరి పేరను ఉమ్మడిగా నమోదు కావలెను. ఒంటరి స్త్రీ ఇల్లు నడుపుచున్నచో ఆమె పేరనే యుండవలెను. ఏరి తెచ్చుకొను చిన్నతరహా ఫలసాయముపై సొంతదారు హక్కును ఆ చట్టము గుర్తించెను. 2012 నాటి సవరించిన నియమముల ప్రకారము ఈ హక్కులను నిర్ణయించు గ్రామసభకు సగముమంది రావలెను, వచ్చినవారిలో మూడవవంతునకు తగ్గక స్త్రీలుండవలెను. తెలంగాణమున 2023 జూన్ 30న సుమారు నాలుగు లక్షల ఎకరములకు పోడుపట్టాల పంపిణీ ప్రారంభమైనది. మన జిల్లాకు అందు పెద్ద భాగము వచ్చినది. పట్టా పుచ్చుకొన్న అయ్యలను నేనొకటి అడుగుచున్నాను. ఇంటికి పోయిన తరువాత ఆ కాగితమును తీసి చూడుడు. అందు మీ ఇల్లాలి పేరున్నదా? ఉన్నచో ఆమెకు ఆ సంగతి తెలియునా?

పేరు వ్రాయుటలో ఎంత జాగ్రత్త వలయునో ఆఫ్రికాలోని రువాండా దేశము నేర్పును. ఆ దేశము 1999లో కుమార్తెలకు కుమారులతో సమానమైన వారసత్వమునిచ్చు చట్టము చేసినది. 2009 నుండి 2013 వరకు దేశమందలి కోటికి మించిన భూఖండములను నమోదు చేసి, భార్యాభర్తల పేర్లు రెండును వ్రాసినది. అంత గొప్ప కార్యములోను, వివాహము సర్కారు పుస్తకమున నమోదు కాని స్త్రీలకు మొదట అన్యాయమే జరిగినది. కాపురమున్న ఇల్లాలికి కాగితములేని కారణమున పేరు దక్కలేదు. మన గూడెములలో ఎన్ని పెండ్లిండ్లకు కాగితమున్నది? పందిరి, డోలు, పెద్దల సాక్ష్యము ఉన్నవి, రిజిస్టరు లేదు. కావున పేరు వ్రాయించునప్పుడు పెద్దల సాక్ష్యము చాలునని గ్రామసభ గట్టిగా నిలువవలెను.

మరియొక ఆఫ్రికా సంగతి చెప్పక విడువలేను. పశ్చిమాఫ్రికాలో బుర్కినా ఫాసో, ఘనా, మాలి దేశములలో షియా అను చెట్టున్నది. వృక్షశాస్త్రము ప్రకారము అది మన ఇప్పచెట్టు కుటుంబమునకు చెందినదే. దాని కాయలను ఏరువారు స్త్రీలు. ఉడుకబెట్టి, ఎండబెట్టి, పగులగొట్టి, వేయించి, నూరి, నీళ్లతో చిలికి వెన్న తీయువారు స్త్రీలు. ఆ వెన్న ఐరోపాకు పోయి మిఠాయిలలోను, ముఖమునకు రాచుకొను లేపనములలోను చేరుచున్నది. దానిని 'స్త్రీల బంగారము' అని పిలుతురు. గింజగా అమ్మినవారికి కొంచెమే మిగులును. సంఘముగా చేరి వెన్న తీసి అమ్మినవారికి ఎక్కువ మిగులును. అచ్చట కూడ చెట్టున్న భూమి సాధారణముగా పురుషుల వంశము చేతిలోనిదే. మన ఇప్పపలుకును చూచినప్పుడెల్ల దాని ఆఫ్రికా చెల్లెలు నాకు జ్ఞప్తికి వచ్చుచుండును. మనము పలుకుగానే అమ్మి, నూనె లాభమును ఇతరులకు వదలుచున్నాము.

అయితే ఇచ్చట ఏమియు జరుగలేదని నేననుట లేదు. పొదుపు సంఘముల కథ మీకు తెలిసినదే. 1982లో ప్రారంభమైన డ్వాక్రా పథకము, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై చేసిన పోరాటము తరువాత మన రాష్ట్రమున ఊరూరికి వ్యాపించెను. ఆఫ్రికాలో నైజరు దేశపు స్త్రీలు 1991లో ఇట్టి పొదుపు సంఘములనే ఆరంభించుట ఒక విచిత్రమైన పోలిక. వారు మనలను చూడలేదు, మనము వారిని చూడలేదు. వనధన కేంద్రములు 2018లో మొదలైనవి. ఏరినదానిని శుభ్రపరచి, మూటగట్టి, సొంతముగా అమ్ముకొనుట వాని ఉద్దేశము. భద్రాచలమున సంఘముల స్త్రీలు చిరుధాన్యములతో బిస్కత్తులు చేసి 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' అను పేర అమ్ముచున్న వార్త 2025లో దేశమంతటికిని ప్రాకెను. నిన్నటి వరకు పొలము కూలికి పోయిన చేతులే అవి.

కాని సంతోషముతోపాటు ఒక హెచ్చరిక చేయవలసియున్నది. సంఘమునుండి అప్పు తెచ్చినది ఆమె. ఎరువులకో, మోటారుకో, కొడుకు ఫీజుకో, మరి దేనికో ఖర్చు చేసినది ఆయన. నెలనెల కిస్తు కట్టవలసినది మరల ఆమె. అప్పు మాత్రము ఆమె పేర, భూమి మాత్రము ఆయన పేర! బ్యాంకువారు స్త్రీలు నమ్మకముగా తీర్తురని మెచ్చుకొనుచున్నారు. పూట పస్తుండి తీర్చినను తీర్చుటయే కదా! ఆ మెప్పును వినినప్పుడు నాకు పూర్తి సంతోషము కలుగదు.

కొందరు పెద్దలు నాతో వాదించినారు. "అయ్యా, పట్టణపు మాటలు మా అడవిసీమకు తేవలదు. మా ఆడువారు మొదటినుండి స్వతంత్రులే. మాలో కట్నము లేదు, వరుడే ఓలి ఇచ్చుకొనును. సంతకు పోవునది వారే, ఇష్టములేని కాపురము విడిచి మరల పెండ్లాడవచ్చును" అనిరి. ఇందు సత్యమున్నది. ఓలి యనునది, పుట్టింటివారు ఒక కష్టజీవిని పోగొట్టుకొనుచున్నారు కనుక వారికి ఇచ్చు పరిహారము. స్త్రీ పనికి వెల గలదని ఒప్పుకొన్న ఆచారమది. ఈ విషయమున అడవి మైదానమునకు పాఠము చెప్పవలెను. కాని నేడు జరుగుచున్నది తలక్రిందుగా నున్నది. చదివిన అడవి యువకుడు మైదానమును చూచి కట్నమడుగ నేర్చుకొనుచున్నాడు. మైదానపు చెడుగు అడవిలోనికి ఎక్కుచున్నది; మైదానపు స్త్రీకి చట్టమిచ్చిన వాటా మాత్రము ఎక్కుట లేదు. పాత స్వాతంత్ర్యము పోవుచు, క్రొత్త హక్కు రాకున్నచో, నడుమ నిలుచున్న ఆడపడుచు గతి యేమి? విధవ యగునాటికి ఆమెకు పోడుచేనిలో నిలుచు హక్కున్నదో లేదో మరది చెప్పవలసి వచ్చుచున్నది. పేర్లు వ్రాసినచో ఇండ్లు చీలునని భయపడువారికి నా ప్రత్యుత్తరము చిన్నది: వ్రాయనందున చీలిన ఇండ్లను మీరు మన సీమలో ఎన్ని చూడలేదు?

ఇక గ్రంథాలయము మాట. సభకు ముందు కార్యదర్శిగారు నాకు సభ్యుల పట్టికను చూపినారు. స్త్రీల పేర్లు రెండు చేతుల వ్రేళ్లకు మించలేదు. వారును ఉపాధ్యాయినులు, ఉద్యోగుల ఇల్లాండ్రు. ఇందులకు నేను ఎవరిని తప్పుపట్టను. గ్రంథాలయము సాయంకాలము అయిదు మొదలు ఏడు గంటల వరకు తెరచియుండును. ఆ వేళ స్త్రీ పొయ్యివద్దనో, కల్లమువద్దనో యుండును. వేళ మార్చినచో మనిషి రావచ్చును. వారమునకొకనాడు, సంతకు ముందురోజు, భోజనములైన తరువాత తలుపు తెరచియుంచుడు. ఆనాడు నవలలు చదువనక్కరలేదు; చదివినను నేను కాదనను. అటవీహక్కుల చట్టమును, సంఘపు చిట్టాను, పట్టా కాగితమును అక్షరము వచ్చినవారు రానివారికి బిగ్గరగా చదివి వినిపింపుడు. వచ్చినవారు తమ తమ కాగితములను తెచ్చుకొని, అందు తమ పేరెక్కడ నున్నదో వ్రేలితో చూపి తెలిసికొందురు. మన గ్రంథాలయోద్యమమును నడిపిన పెద్దలు పుస్తకమును ఇంటింటికి మోసినారు, పడవలలో త్రిప్పినారు. ఇది వారి త్రోవకు విరుద్ధము కాదు.

మరియు, గ్రంథాలయపు వీధి గోడకు ఒక నల్లబల్ల కావలెను. దానిపై ఆ వారము డిపోలో ఇప్పపువ్వు, ఇప్పపలుకు, చింతపండు, జిగురు తరగతులవారీగా ఏ ధరకు కొనుచున్నారో, సంతలో ఏ ధర నడుచుచున్నదో పెద్ద అక్షరములతో వ్రాయవలెను. చదువు రానివారికి అంకెలు తెలియును; నోట్లను గుర్తుపట్టు కన్ను అంకెను గుర్తుపట్టలేదా? బుట్ట దింపకమునుపే ధర తెలిసిన మనిషితో వర్తకుడు మాటలాడు తీరు వేరుగా నుండును.

ఈ యేటి పువ్వు రాలుటకు ఇంకను రెండు నెలల గడువున్నది. బల్ల చేయించు ఖర్చు నేను పెట్టుకొందును. దానిపై ధరలు వ్రాయు పనిని ఉన్నత పాఠశాలలో చదువుచున్న ఈ యూరి ఆడపిల్లలు ఇద్దరు వారము మార్చి వారము చూచుకొందురని కార్యదర్శిగారు ఇప్పుడే నా చెవిని వేసినారు. వారిలో ఒక బాలిక తల్లి ఈ సభలోనే వెనుక వరుసలో కూర్చున్నదట.